గోడ మీద ప్రతిజ్ఞ, గుమ్మానికి తాళం

మా నోట్‌బుక్కులు, డైరీలు కొనే అందరికీ నమస్కారం.

ఈసారి కొత్త డిజైన్ల కబురు కాదు. ఈమధ్య రెండు నెలల పాటు మీలో కొందరికి రూళ్ల పుస్తకం అడిగితే తెల్లది వచ్చింది, తెల్లది అడిగితే రూళ్లది వచ్చింది. లెక్క తీస్తే 37 ఆర్డర్లు. అన్నీ మార్చి పంపాం, క్షమించమనీ అడిగాం. కానీ ఎందుకిలా జరిగిందని అడిగినవాళ్లకి నేను "ప్యాకింగ్‌లో పొరపాటండీ" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆ తప్పు ప్యాకింగ్ మీదికి నెట్టినది నేనే. అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

ఆ గొడవ నడుస్తుండగానే ఒక పాత కస్టమర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. "'మా దగ్గర అందరికీ సమాన అవకాశం, అందరికీ చోటు' అని మీ సైట్ మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నారు కదా. మీ దగ్గర పనిచేసేవాళ్లు ఎవరెవరో కాస్త చెప్తారా?" అంతే. వెటకారం లేదు, కోపం లేదు. జవాబు రాద్దామని కూర్చుని మూడు లైన్లు రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను, చివరికి కంప్యూటర్ కట్టేసి లేచాను. వారికి కూడా ఇదే జవాబు.

ఆ మాట రాసుకుని మూడేళ్లయింది. ఫ్రేము కట్టించి గోడకి కూడా తగిలించాం. పెద్ద కంపెనీల గాలి మాకూ సోకింది మరి. 2017 జూన్‌లో అమెరికాలో 150 మందికి పైగా సీఈవోలు తమ సంస్థల్లో వివక్షని తగ్గిస్తామని, అన్ని రకాల మనుషులకీ చోటిస్తామని ఒకేసారి సంతకాలు పెట్టారు. తర్వాత ఆ సంఖ్య రెండు వేలు దాటింది. వైకల్యం ఉన్నవాళ్ల విషయంలో 500 మంది కంపెనీ అధిపతుల చేత మాట ఇప్పించాలని 2019లో దావోస్‌లో 'వాల్యుబుల్ 500' మొదలైంది. రెండేళ్లకే ఆ 500 మందీ కుదిరారు. పదకొండు మంది పనిచేసే బైండింగ్ షెడ్డుని సంతకం పెట్టమని ఎవరడుగుతారు? నేనే రాసుకున్నాను, నేనే సంతకం పెట్టుకున్నాను. ఖర్చు ఫ్రేముది మాత్రమే.

మెయిల్ వచ్చిన రోజు రాత్రి ఒక కాగితం తీసుకుని పదకొండు పేర్లూ రాసి, ఒక్కొక్కరూ ఇక్కడికి ఎలా వచ్చారో పక్కన రాశాను. తొమ్మిది మంది 'తెలిసినవాళ్ల ద్వారా' వచ్చినవాళ్లే. స్నేహితుడి తమ్ముడు, ఆ తమ్ముడి క్లాస్‌మేట్, కటింగ్ మిషన్ చూసే ఆయన మేనల్లుడు, ఇలాగ. తెలిసినవాళ్లకి తెలిసినవాళ్లంటే చివరికి మనలాంటివాళ్లే. ఆడవాళ్లు నలుగురు. ముగ్గురు కుట్టు దగ్గర, ఒకరు కస్టమర్ల మెసేజిల దగ్గర. మిషన్ మీద ఒక్కరూ లేరు. ఎందుకు లేరంటే "వాళ్లెవరూ అడగలేదు" అనేవాణ్ణి. అడిగేదెప్పుడు? మిషన్ దగ్గర ఖాళీ ఉందని వాళ్లకి తెలిసేసరికే మేనల్లుడొచ్చి కూర్చున్నాడు.

నేను చెడ్డవాణ్ణని ఒప్పుకోవడానికి ఇదంతా రాయడం లేదు. మనసులో ఏ దురుద్దేశమూ లేకుండానే ఇది జరుగుతుంది, అదే ఇబ్బంది. మరియాన్ బెర్ట్రాండ్, సెంథిల్ ముల్లైనాథన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు బోస్టన్, షికాగోల్లో ఉద్యోగ ప్రకటనలకి ఇంచుమించు అయిదు వేల ఉత్తుత్తి దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానం, పేర్లే తేడా. తెల్లవాళ్ల పేరులా వినిపించే పేరున్న దరఖాస్తులకి, నల్లవాళ్ల పేరులా వినిపించే వాటికన్నా యాభై శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. 2004లో అచ్చయిన పరిశోధన ఇది. ఆ దరఖాస్తులు చూసినవాళ్లలో చాలామంది తమకి పక్షపాతం లేదనే అనుకుని ఉంటారు. నేనైతే దరఖాస్తులు చూసే దాకా కూడా వెళ్లలేదు, ఫోన్ కాల్‌తోనే పని కానిచ్చేశాను.

ఇక ఆ 37 ఆర్డర్ల సంగతి.

పుస్తకాలు కట్టలు కట్టాక, రూళ్లవాటికి ఎర్ర స్టిక్కరు, తెల్లవాటికి ఆకుపచ్చ స్టిక్కరు అంటిస్తాం. ఈ పద్ధతి పెట్టింది నేనే. ప్యాకింగ్‌కి కొత్తగా చేరిన అబ్బాయి మొదటి నెలంతా పొరపాటు లేకుండా చేశాడు, కాకపోతే నెమ్మది. ఆర్డర్లు పెరిగాక తొందరపెట్టాను. అప్పట్నుంచి తారుమారు. ఒకరోజు అందరి ముందే "కళ్లెక్కడ పెట్టుకుని చేస్తున్నావయ్యా?" అన్నాను. ఏమీ మాట్లాడలేదు, తల దించుకుని పని చేసుకున్నాడు.

కనిపెట్టింది కుట్టు దగ్గర ఉండే అక్క. కట్ట తీసిన ప్రతిసారీ అతను పై పుస్తకం అట్ట మూల కాస్త ఎత్తి లోపలికి తొంగి చూస్తున్నాడు. "స్టిక్కరుంది కదా తమ్ముడూ, మళ్లీ తెరిచి చూస్తావేం?" అని అడిగింది. కాసేపాగి చెప్పాడట, "రెండూ నాకు ఒకే మట్టిరంగులా కనిపిస్తాయక్కా" అని. తొందర లేనప్పుడు తెరిచి చూసేవాడు, తొందరపెడితే ఊహించి పెట్టేవాడు. ఇంతకుముందు పనిచేసిన చోట ఈ సంగతి చెప్తే మర్నాటి నుంచి రావద్దన్నారట. అందుకే మా దగ్గర చెప్పలేదు.

ఎరుపు, ఆకుపచ్చ విడదీసి చూడలేకపోవడం అరుదేమీ కాదు. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో దాదాపు 12 మందిలో ఒకరికి ఉంటుంది, ఆడవాళ్లలో 200 మందిలో ఒకరికి. దానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగవాళ్లకి అది ఒక్కటే కాబట్టి ఎక్కువగా వాళ్లలోనే బయటపడుతుంది. ఇదంతా తర్వాత చదువుకున్నాను. నేను అన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ ముఖం చెల్లదు.

పరిష్కారానికి ఒక పూట కూడా పట్టలేదు. ఇప్పుడు స్టిక్కర్లన్నీ తెల్లవే. రూళ్ల పుస్తకాల స్టిక్కరు మీద మూడు నల్ల గీతలు, తెల్ల పుస్తకాల స్టిక్కరు మీద ఖాళీ చదరం. ఈ అయిదు వారాల్లో రెండే ఆర్డర్లు తప్పు వెళ్లాయి. ఆ రెండూ రద్దీ రోజున సాయం చేస్తానని వెళ్లి నేను కట్టినవే.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఈ స్టిక్కర్ల గోలకి ఏడాది ముందే మేమందరం 'మనకి తెలియకుండా మనలో ఉండే పక్షపాతం' గురించి ఒక ఆన్‌లైన్ ట్రైనింగ్ చేశాం. అందరికీ తప్పనిసరి అన్నాను. సర్టిఫికెట్లు కూడా వచ్చాయి. ఆ గంటన్నరలో స్టిక్కర్ల మాట ఎవరికీ తట్టలేదు. ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలెవ్ అనే సామాజికశాస్త్రవేత్తలు 800కి పైగా అమెరికన్ కంపెనీల మూడు దశాబ్దాల లెక్కలు చూసి 2016లో రాసింది కూడా ఇలాంటిదే. మేనేజర్లకి తప్పనిసరి ట్రైనింగులు పెట్టిన కంపెనీల్లో అయిదేళ్లయినా మేనేజర్ స్థాయిలో ఆడవాళ్లు, మైనారిటీలు పెరగలేదు, కొన్ని వర్గాలవాళ్లయితే తగ్గారు. బలవంతంగా కూర్చోబెడితే జనం ఎదురుతిరుగుతారని వాళ్లు తేల్చారు. ఫలానా పని ఫలానావాళ్ల బాధ్యత అని అప్పగించినచోట, పెద్దవాళ్లు కొత్తవాళ్లని దగ్గరుండి చూసుకున్నచోట మార్పు కనిపించిందట. మా దగ్గర కూడా సమస్యని పట్టుకుంది సర్టిఫికెట్ కాదు, పక్క బల్ల దగ్గరి అక్క.

రెండో సంగతి రాయడం ఇంకా కష్టంగా ఉంది.

మీ మెసేజిలకి జవాబిచ్చే మేడమ్‌కి పుట్టినప్పట్నుంచీ వినపడదు. ఆవిడ చేరిన రోజు ఫొటో తీసి మా పేజీలో పెట్టాం, కింద నాలుగు మంచి మాటలు రాశాం. మీలో చాలామంది మెచ్చుకున్నారు, నాకు గర్వంగానే అనిపించింది. మూడు నెలల తర్వాత, ఒక శనివారం సెలవిచ్చి ఆదివారం పని పెట్టుకుందామని అనుకున్నాం. మధ్యాహ్నం అందరం మిషన్ చుట్టూ నిలబడి ఉండగా నోటిమాటగా తేలిపోయిన నిర్ణయం అది. ఆవిడ తన సీట్లోనే ఉంది. చెప్పామని ప్రతి ఒక్కరం అనుకున్నాం, ఎవరం చెప్పలేదు.

శనివారం పొద్దున్న నా ఫోన్‌కి ఆవిడ దగ్గర్నుంచి ఒక ఫొటో వచ్చింది. షెడ్డు గుమ్మానికి వేసిన తాళం. ఒక్క అక్షరం కూడా రాయలేదు. నలభై నిమిషాలు అక్కడే నిలబడిందని తర్వాత తెలిసింది.

మొదటి ఫొటో మీ అందరికీ చూపించాను కాబట్టి రెండోదాని గురించి కూడా చెప్పాలనిపించింది. ఇప్పుడు తెల్లబోర్డు ఒకటి పెట్టాం. దాని మీద రాసి, గ్రూపులో పెట్టనిదేదీ నిర్ణయం కింద లెక్కలోకి రాదు. దీనివల్ల రాత్రి షిఫ్టు అబ్బాయి కూడా ఊపిరి పీల్చుకున్నాడు. పగలు అనుకున్నవి తనకి ఎప్పుడూ ఆలస్యంగానే తెలిసేవట, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.

జీతాల దగ్గర కూడా ఒకటి దొరికింది. చేత్తో కుట్టేవాళ్లకన్నా మిషన్ మీద కాగితాలు మడిచేవాళ్లకి ఎక్కువ ఇస్తున్నాం. ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు, మొదట్నుంచీ అలా నడిచిపోతోంది. నిజానికి చేతికుట్టే ఎక్కువ నైపుణ్యమున్న పని. సమాన విలువ ఉన్న పనికి ఆడా మగా తేడా లేకుండా సమాన వేతనం ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం 1951లోనే చెప్పింది. 25 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలు సమాన వేతనమే ఇస్తున్నామని రుజువు చూపించాలని ఐస్‌లాండ్ 2018లో చట్టం అమల్లోకి తెచ్చింది. మమ్మల్ని రుజువు అడిగేవాళ్లు లేరు. కుట్టు దగ్గరి ముగ్గురి జీతాలూ ఈ నెల నుంచి సరిచేశాం. పాత బకాయి సంగతి వాళ్లతో ఇంకా మాట్లాడుతున్నాం, తేలలేదు.

చేయలేకపోయింది కూడా ఉంది. మా గుమ్మానికి రెండు మెట్లు, కలిపి 30 సెంటీమీటర్ల ఎత్తు. చక్రాల కుర్చీకి ర్యాంపు కట్టాలంటే ఎత్తుకి పన్నెండింతల పొడవు ఉండాలి, అంటే 3.6 మీటర్లు. ముందు అంత జాగా లేదు, షెడ్డు మాది కాదు. వెనక గుమ్మం వైపు నుంచి కట్టుకోనిమ్మని యజమానిని అడుగుతున్నాం. అప్పటిదాకా 'అందరికీ చోటు' అన్న మాట మా దగ్గర నిజం కాదు. అందుకే సైట్ మీద నుంచి తీసేశాను. ఫ్రేము కూడా దించేశాం. ఆ మేకుకే తెల్లబోర్డు వేలాడుతోంది.

ఈమధ్య పెద్ద కంపెనీలు కొన్ని ఇలాంటి మాటల నుంచి వెనక్కి తగ్గాయి కదా, మీకెందుకీ తలనొప్పి అని ఒక మిత్రుడు అన్నాడు. నిజమే, 2024 చివర వాల్‌మార్ట్, 2025 జనవరిలో మెటా ఇలాంటి కార్యక్రమాల్లో చాలావాటిని తగ్గించుకున్నాయి. వాళ్ల కారణాలు వాళ్లవి. నాకు మాత్రం తిరగ్గొట్టిన 37 పార్సిళ్ల రానూపోనూ ఖర్చు కళ్లముందుంది. మళ్లీ రంగు స్టిక్కర్లకి వెళ్లమంటే వెళ్లను.

ఇక మీకు తగిలే మార్పులు. ఆర్డరు పంపడానికి ఇదివరకు నాలుగు రోజులనేవాళ్లం, ఇక మీద అయిదు. తొందరపెట్టి చేయించినప్పుడు ఏమైందో పైన చదివారు. ఫోన్ పొద్దున్న రెండు గంటలే పనిచేస్తుంది, మిగతా సమయమంతా మెసేజే. "మాట్లాడలేని మనిషిని కస్టమర్ల ముందు ఎందుకు పెట్టారు?" అని ఒకాయన రాశారు. మీ మెసేజిలన్నీ ముందు చదివేది ఆవిడే కాబట్టి, ఆ ప్రశ్న కూడా ముందు ఆవిడే చదివి నాకు పంపింది. వారి అడ్వాన్సు ఆ రోజే వెనక్కి పంపేశాను. ఫోన్ తగ్గించడం వల్ల నిజంగా ఇబ్బంది పడేవాళ్లుంటారు, చూపు సరిగా లేనివాళ్లు, టైపు చేయడం కష్టమైనవాళ్లు. మీరు ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వండి, నేనే తిరిగి చేస్తాను.

కటింగ్ మిషన్ దగ్గర వచ్చే నెల ఒక ఖాళీ వస్తోంది. ఈసారి ఎవరికీ ఫోన్ చేసి చెప్పలేదు, మొదట ఇక్కడే రాస్తున్నాను. ఫొటో వద్దు, వయసు వద్దు, ఎవరి సిఫారసూ వద్దు. వచ్చిన ప్రతి ఒక్కరికీ అవే ఆరు ప్రశ్నలు, అదే కాగితాల దొంతర కోయించి చూస్తాం. మార్కులు వేసేది నేనొక్కణ్ణే కాదు, కుట్టు దగ్గరి అక్క కూడా. కటింగ్ మిషన్ చూసే ఆయనకి ఇంకో మేనల్లుడు ఉన్నాడట, అతను కూడా అదే వరసలో నిలబడాలి.