గైడు వ్యాసాల బదులు తారుమారు చేసిన వాక్యాలు ఇవ్వండి

సంపాదకుడు గారికి,

హైస్కూలు పిల్లల తెలుగు జవాబు పత్రాలు దిద్దేవాళ్లందరికీ తెలిసిన సంగతే: వాక్యం దేనికది బాగానే ఉంటుంది, ఒకదానికొకటి అతకదు. మూడో వాక్యాన్ని ఏడో చోట పెట్టినా తేడా తెలియదు. గైడులోని వ్యాసం బట్టీ పట్టిస్తే ఈ లోపం పైకి కనబడదు గానీ, పోదు. మంచి పేరాను వాక్యాలుగా విడగొట్టి, తారుమారు చేసి, పిల్లల చేత మళ్లీ పేర్పిస్తే పోతుంది. నచ్చిన వ్యాసాల్లోని భావాలను చీటీల మీద రాసుకుని, కలిపేసి, కొన్ని వారాలయ్యాక క్రమంలో పెట్టుకుంటూ రాయడం నేర్చుకున్నానని బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథలో చెప్పుకున్నాడు.

ఏడెనిమిది వాక్యాల పేరా చాలు. ఆరు వాక్యాలనే 720 రకాలుగా పేర్చవచ్చు కాబట్టి గుడ్డిగా కొడితే తగలదు. ఇద్దరికొక కట్ట చొప్పున, నలభై మంది తరగతికి ఎనిమిది వాక్యాలైతే 160 చీటీలు. కత్తెరతో ఒకే కొలతకు కత్తిరించాలి. చేత్తో చింపితే పిల్లలు వాక్యాలు చదవడం మానేసి అంచులు కలుపుతారు. పేర్చడానికి పది నిమిషాలు, ‘ఇది దాని తర్వాతే ఎందుకు?’ అన్నదానికి కారణం రాయడానికి పదిహేను. ఈ రెండోదే అసలు పాఠం. దాన్ని వదిలేస్తే మిగిలేది ఆటే.

పేరా ఎంపికలోనే ఎక్కువ మంది దెబ్బతింటారు. ఆకుమడి, దమ్ము, ఊడ్పులు, కోత అని ఇస్తే కోనసీమ పిల్లలు చదవకుండానే పేర్చేస్తారు. వాదన ఉన్న పేరా ఇవ్వాలి. ఈ ఐదు చూడండి: ‘వరి చేను పక్కన ఉప్పునీటి రొయ్యల చెరువు తవ్వనివ్వకూడదు. చెరువులోని ఉప్పునీరు గట్టు కింద నుంచి చేలోకి ఊరుతుంది. ఆ ఉప్పుకు వరి ఎదగదు. రొయ్యల మీద వరి కంటే ఎక్కువ డబ్బు రావచ్చన్నది నిజమే. అయితే ఆ డబ్బు చెరువు రైతుకు, నష్టం చేను రైతుకు.’ ‘నిజమే’ అన్న చీటీని చివర పెట్టారంటే పేరా చెరువు పక్షానికి తిరిగిపోతుంది. అప్పుడు ‘ఆ డబ్బు అంటే ఏ డబ్బు?’ అని ఒక్క మాట అడిగితే చాలు, చీటీ దాని చోటికి వెళుతుంది. మరో వారం ‘ఆ’, ‘అయితే’ తీసేసి అవే చీటీలు ఇవ్వాలి. ఆ మాటలు పిల్లలే వెతికి పెట్టుకుంటారు.

కొన్ని పేరాలకు సరైన క్రమాలు రెండుంటాయి. ‘1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది’, ‘1852లో పూర్తయింది’, ‘అంతకుముందు ఈ పొలాలు వరదకు మునిగేవి, లేదా వాన లేక ఎండేవి.’ మూడోది మొదటిదాని తర్వాతా కుదురుతుంది, రెండోదాని తర్వాతా కుదురుతుంది. కీ చూసి ఒకదానికే మార్కు వేస్తే, ఆలోచించిన పిల్లకే అన్యాయం జరుగుతుంది. మార్కు కారణానికి వేయాలి. పోటీ పరీక్షల్లోలా నాలుగు ఆప్షన్లు ఇచ్చి టిక్కు పెట్టించడం దీనికి పనికిరాదు.

విద్యాశాఖ 8, 9 తరగతుల్లో వారానికి ఒక తెలుగు పీరియడ్ దీనికి కేటాయించాలి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో పేరాలు తయారుచేసి పంచుకోవాలి. రెండు నెలలయ్యాక పిల్లలు సొంతంగా రాసిన పేరాలనే కత్తిరించి పక్కవాళ్లకు ఇవ్వాలి. పక్కవాళ్లు పేర్చలేకపోయిన చోటే ఏ లంకె తెగిందో రాసినవాళ్లకు కళ్లెదుట కనబడుతుంది. మీ పత్రిక విద్యార్థుల పేజీలో వారానికొక తారుమారు చేసిన పేరా వేయండి. మరుసటి వారం జవాబుతో పాటు కారణాలూ వేయండి.

— తెలుగు ఉపాధ్యాయులు, అమలాపురం