పాత బ్యాకప్ ఫైళ్లు ఇక నేరుగా తెరుచుకోవు

మా స్టాకు, ఖాతాల సాఫ్ట్‌వేర్ వాడుతున్న ఎరువులు, విత్తనాల దుకాణదారులందరికీ నమస్కారం.

వచ్చే అప్‌డేట్ వేసుకున్నాక పాత బ్యాకప్ ఫైళ్లు నేరుగా రీస్టోర్ కావు. సీజన్‌లో ఇది కొందరికి ఇబ్బందే. అయినా ఈ నిర్ణయం మార్చుకోను. కారణం చెబుతాను.

మన సాఫ్ట్‌వేర్ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. బ్యాకప్‌ను ఇన్నాళ్లూ ‘పికిల్’ అనే పద్ధతిలో దాస్తోంది. పికిల్ ఫైలులో పేర్లు, అంకెలతో పాటు వాటిని తిరిగి ఎలా కూర్చాలో చెప్పే ఆదేశాలు కూడా ఉంటాయి. ఫైలు తెరవగానే కంప్యూటర్ వాటిని పాటిస్తుంది. యూరియా బస్తాల లెక్కల మధ్య ఎవరైనా మరో ఆదేశం దూర్చితే అదీ నడుస్తుంది. డేటా చెరిపేయవచ్చు, బయటికి పంపేయవచ్చు. తెర మీద మాత్రం మీ లెక్కలన్నీ సరిగ్గానే కనిపిస్తుంటాయి. నమ్మకమైన చోటు నుంచి వచ్చిన డేటాను తప్ప పికిల్‌తో తెరవవద్దని పైథాన్ అధికారిక పత్రాలే హెచ్చరిస్తున్నాయి.

దుకాణంలో తయారైన ఫైలు దుకాణం దాటకపోతే భయం తక్కువ. కానీ మార్చి వచ్చిందంటే బ్యాకప్‌లు వాట్సాప్‌లో ఆడిటర్ దగ్గరికి వెళ్తాయి, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కంప్యూటర్‌కు మారతాయి. మధ్యలో ఎవరి చేయి పడిందో ఎవరు చెప్పగలరు?

ఈ ముప్పు పైథాన్‌కే పరిమితం కాదు. జావా అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో ఇదే తరహా లోపం 2015లో వెబ్‌లాజిక్, జెంకిన్స్ వంటి, కంపెనీలు వాడే పెద్ద సాఫ్ట్‌వేర్లలోనూ బయటపడింది. మైక్రోసాఫ్ట్ కూడా ప్రోగ్రాములు రాసేందుకు 2024లో విడుదల చేసిన డాట్‌నెట్ 9లో, పికిల్ లాంటిదే అయిన బైనరీఫార్మాటర్‌ను తీసేసింది.

కొత్త బ్యాకప్ జేసన్ అనే, వివరాలను మామూలు అక్షరాల్లో రాసిపెట్టే పద్ధతిలో ఉంటుంది. అందులో ఉండేది వివరాలే, ఆదేశాలకు చోటు లేదు. బస్తాల సంఖ్య దగ్గర అంకె, తేదీ దగ్గర తేదీ ఉన్నాయో లేదో చూసి, తేడా ఉంటే ప్రోగ్రామ్ ఫైలును తిప్పికొడుతుంది. పైగా మీ దుకాణానికి ప్రత్యేకమైన రహస్య కీతో (పాస్‌వర్డ్ లాంటి సంకేతంతో) ఫైలుపై డిజిటల్ ముద్ర పడుతుంది. ఒక్క అక్షరం మారినా రీస్టోర్ ఆగిపోతుంది. ఆ కీని ఆడిటర్ కంప్యూటర్‌లో ఒకసారి నమోదు చేయాలి. పికిల్‌నే ఉంచి ముద్ర ఒక్కటి చేరిస్తే పని తేలికయ్యేది. కీ ఎవరి చేతికైనా చిక్కితే మళ్లీ అదే ప్రమాదం కాబట్టి నేను ఒప్పుకోలేదు.

కొత్త ఫైళ్లు పెద్దవి, రీస్టోర్‌కు కాస్త ఎక్కువ సమయం పడుతుంది. ప్రస్తుత ఖాతాలకు ఏమీ కాదు. అప్‌డేట్ కాగానే కొత్త బ్యాకప్ తీసుకోండి. పాత సంవత్సరాల ఫైళ్లు మాకు ఇస్తే, నెట్ లేని కంప్యూటర్‌లో ఉచితంగా మార్చి ఇస్తాం. అప్పటిదాకా వాట్సాప్‌లో వచ్చిన ఏ బ్యాకప్‌నూ రీస్టోర్ చేయకండి, ఆడిటర్ పంపినదైనా సరే. ముందు మాకు ఫోను చేయండి.