పాటగాడికి దండలు, పాటకు కేసులు

సంపాదకుడు గారికి,

గద్దర్ వర్ధంతి మర్నాడు మీరు వేసిన ఫొటో చూసినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ఫొటో నిండా విగ్రహానికి దండలు వేస్తున్న నాయకులే. వాళ్ల ప్రసంగాలకు రెండు కాలమ్‌లు ఇచ్చారు. ఆయన జీవితమంతా ఎవరి మీద పాడారో మాత్రం ఒక్క వాక్యం రాయలేదు. దొరలను, పోలీసులను, మంత్రులను పాటతో నిలదీసిన మనిషిని 1997 ఏప్రిల్ 6న ఇంటికొచ్చి కాల్చారు. అందులో ఒక తూటా 2023లో చనిపోయేదాకా ఒంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు ప్రభుత్వ సినిమా అవార్డులకు ఆయన పేరు. సంతోషమే. కానీ ఈరోజు అలాంటి పాట పాడేవాళ్ల సంగతేమిటి?

పోయినేడు మా ఊరి జాతరలో నలుగురు కుర్రాళ్లు రోడ్డు పనుల్లో మింగిన డబ్బు గురించి డప్పు కొట్టి పాడారు. రెండో చరణం కాకముందే పర్మిషన్ లేదంటూ మైక్ కట్టేయించారు. అదే మైక్‌లో అంతకుముందు గంటసేపు ఎమ్మెల్యేను పొగిడే డీజే పాటలు మోగాయి. వాటికి ఏ పర్మిషనూ ఎవరూ అడగలేదు.

ఇది మన దగ్గరే కాదు. తమిళనాడులో కోవన్ అనే గాయకుడు సర్కారు మద్యం దుకాణాల మీద, ముఖ్యమంత్రి మీద పాట కట్టినందుకు 2015 అక్టోబరులో రాజద్రోహం కేసు పెట్టి జైల్లో వేశారు. తెల్లదొరల మీద పాట రాసిన గరిమెళ్ల సత్యనారాయణను జైలుకు పంపింది పరాయి ప్రభుత్వం. మరి ఇది మనం ఓట్లేసి తెచ్చుకున్న ప్రభుత్వం కదా! ఆ గరిమెళ్ల కూడా స్వతంత్రం వచ్చాక మద్రాసులో పేదరికంలోనే 1952లో కన్నుమూశారు. అప్పుడు ఏ మంత్రి ఆదుకున్నాడు?

తెలంగాణ వచ్చాక ఉద్యమంలో ఆడిపాడిన కళాకారులకు సాంస్కృతిక సారథి అనే ప్రభుత్వ సంస్థలో జీతాలిచ్చారు. పస్తులున్నవాళ్లకు జీతం వస్తే నేను తప్పుపట్టను. కానీ పథకాల ప్రచారమే ఉద్యోగమైనవాళ్లు కమీషన్ల మీద ఎలా పాడతారు? ఎన్నికలప్పుడు ప్రతి పార్టీకీ ఎదుటివాడి అవినీతి మీద పాట కావాలి. గెలిచాక అదే పాట తమకు తగిలితే పరువునష్టం, శాంతిభద్రతలు అంటారు. ఏ ఆఫీసుకెళ్లినా చేయి తడపందే ఫైలు కదలని రోజుల్లో, దాని గురించి నోరు తెరిచి పాడే హక్కు కూడా లేకపోతే సామాన్యుడు ఎక్కడికి పోవాలి?

ఒక కవితపై గుజరాత్ పోలీసులు పెట్టిన కేసును 2025 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. మాట మీద, రాత మీద వచ్చే ఇలాంటి ఫిర్యాదుల్లో, మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాలకు, ఎఫ్‌ఐఆర్‌కు ముందే ప్రాథమిక విచారణ జరపడం మంచిదని చెప్పింది. ఈ సంగతి మన స్టేషన్లలో ఎంతమందికి తెలుసు? రెండు రాష్ట్రాల్లో పాటల మీద ఎన్ని కేసులు పెట్టారో, ఎవరి ఫిర్యాదుతో పెట్టారో మీ విలేకరులతో అడిగించి జిల్లాలవారీగా అచ్చువేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, మెదక్ జిల్లా