ఆనముడి ఎర్ర కప్ప గురించి ఒక బహిరంగ లేఖ

కేరళ చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గారికి నమస్కారమండీ. నేను హైదరాబాద్ నుంచి తరచూ మున్నార్ వస్తుంటాను, నీలగిరి తార్‌లు (కొండమేకలు) ఈనే టైమ్‌లో మీరు ఎరవికుళం పార్కు మూసేస్తే మావాళ్లు విసుక్కుంటారు గానీ నాకైతే భలే సంతోషమేస్తుంది. అదే శ్రద్ధ ఆ పార్కులోని ఆనముడి శిఖరం పైన ఉండే చిట్టి కప్ప మీద కూడా పెట్టండి. 2010లో కప్పల శాస్త్రవేత్త ఎస్.డి. బిజు గారి టీమ్ లోకానికి చెప్పిన కప్ప అది, నిప్పుకణికలా ఎర్రగా, ఒంటినిండా బుడిపెలతో, కాళ్లు మరీ పొట్టి కాబట్టి నేల మీద పాకుతూ తిరుగుతుంది. గుడ్లు పెట్టేది పొట్టి వెదురు దుబ్బుల మొదట్లో, తోకకప్ప దశే లేదు, గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్పే బయటికొస్తుంది. అంటే ఆ దుబ్బుని ఎవరైనా తొక్కినా, మంటొచ్చి కాలినా ఆ సంతానం అంతే కదండీ! 2695 మీటర్ల ఆ కొండ చుట్టుపక్కల తప్ప దానికి వేరే ఇల్లు లేదు. దయచేసి శిఖరం మీదకి ట్రెక్కింగ్ పర్మిషన్లు ఇవ్వకండి, ఎండాకాలంలో ఫైర్ వాచర్లని పెంచండి.