మంత్రి గారూ, ఆ రక్తపు చుక్కతో ఇంకో పరీక్ష చేయించండి

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసే రక్తపు చుక్కతో థైరాయిడ్ లోపం లాంటివి ముందే పట్టుకుంటున్నారు. అదే చుక్కతో స్కిడ్‌ని, అంటే సివియర్ కంబైన్డ్ ఇమ్యునోడెఫిషియెన్సీ అనే, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి దాదాపు లేని జబ్బుని కూడా పట్టుకోవచ్చు. ఆ పరీక్షను జాబితాలో చేర్చమని అడగడానికే ఈ లేఖ.

స్కిడ్ పిల్లల్లో జన్యులోపం వల్ల, రోగక్రిములతో పోరాడే టి కణాలు తయారుకావు. అయినా పుట్టినప్పుడు ఆరోగ్యంగానే కనిపిస్తారు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కొన్నాళ్లు కాపాడతాయి. ఆ తర్వాతే తగ్గని నిమోనియా, విరేచనాలు, నోటిపూత. ఒక్కో ఇన్ఫెక్షన్‌కి ఒక్కో మందు వాడుతూ పోయేసరికి అసలు జబ్బు పేరు తెలియకుండానే బిడ్డ చేజారిపోవచ్చు.

ఉత్తర అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. ఈ జబ్బుకి చికిత్స మూలకణాల మార్పిడి, అంటే వేరొకరి ఆరోగ్యమైన మూలకణాలు ఎక్కించడం. మూడున్నర నెలల లోపు అది జరిగిన పిల్లల్లో ఐదేళ్ల తర్వాత 94 శాతం మంది బతికున్నారు. ఆ వయసు దాటాక, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉండగానే మార్పిడి జరిగినవాళ్లలో 50 శాతమే.

ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలో టి కణం తయారయ్యేటప్పుడు ఒక డీఎన్‌ఏ ముక్క తెగి చిన్న రింగులా మిగులుతుంది. దాన్ని ట్రెక్ అంటారు. ఎండిన రక్తపు చుక్కలో అవి కనిపించకపోతే అనుమానించాలి. ఏ జన్యువులో లోపమో ముందే తెలియక్కర్లేదు. అమెరికాలో 2008లో విస్కాన్సిన్‌తో మొదలైన ఈ పరీక్ష 2018 చివరికల్లా అన్ని రాష్ట్రాలకూ చేరింది.

ఇంత అరుదైన జబ్బుకి ఇంత ఖర్చా అని మీ అధికారులు అనొచ్చు. పరీక్ష లేని రోజుల్లో అక్కడ లక్షకి ఒకరని అనుకునేవారు. వెతికితే దాదాపు 58,000 మందికి ఒకరు తేలారు. పేరు తెలియకుండా చనిపోయిన బిడ్డ ఏ లెక్కలోకీ రాదు కదా.

నాకు ఎక్కువ టెన్షన్ పుట్టగానే వేసే క్షయ టీకా బీసీజీ గురించే. మిగతా పిల్లలందరికీ అవసరమైన టీకా అది, ఆపమని అనను. కానీ అందులో ఉన్నది బతికున్న క్రిమి. స్కిడ్ బిడ్డకి వేస్తే ఒళ్లంతా పాకవచ్చు. ఇంట్లో అంతకుముందు పసిపిల్లలు ఇన్ఫెక్షన్లతో పోయారా అని టీకాకి ముందే అడగాలి. అవునంటే, స్కిడ్ లేదని తేలేదాకా ఆ బిడ్డకి బీసీజీ వాయిదా వేయాలి. ఇది ఇవాళే ఒక సర్క్యులర్‌తో అయ్యే పని.

ట్రెక్ పరీక్షలో అన్ని రోగనిరోధక లోపాలూ దొరకవు. నెలలు నిండని పిల్లల్లో అనవసరపు అనుమానాలూ వస్తాయి, మళ్లీ పరీక్షించాలి. అంతకంటే ముఖ్యం, తేడా కనబడిన బిడ్డ ఇంటికి వెంటనే ఫోన్ చేసేదెవరు, నిర్ధారణ ఎక్కడ, మార్పిడి ఖర్చు ఎవరిది అన్నవి. పరీక్ష మొదలుపెట్టే ఉత్తర్వులోనే వీటికీ జవాబు రాయించండి.

ఇట్లు,
ఒక పిల్లల డాక్టర్