మిరప కళ్లాల ఫోటోలు నలుపు తెలుపులోనా?

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో గుంటూరు ప్రాంతపు మిరప కళ్లాల మీద వచ్చిన రెండు పేజీల ఫోటోలు చూశాను. తీసినవారి పనితనానికి వంక పెట్టడానికి లేదు. అయితే వాటన్నింటినీ నలుపు తెలుపులోకి మార్చి అచ్చు వేయడం వల్ల అసలు విషయమే జారిపోయిందని, ముప్పై ఏళ్లకు పైగా స్టూడియో నడిపినవాడిగా నాకు అనిపించింది.

ఒక ఫోటోలో, పట్టా మీద పోసిన కాయల ముందు గొంతుక్కూర్చున్న ఒకామె రెండు వేళ్లతో ఒక కాయను పైకెత్తి చూస్తోంది. ‘తాలు ఏరుతున్న కూలీ’ అని కింద రాశారు. తాలు ఏరడమంటేనే రంగు చూసి ఏరడం, ఎరుపు పోయి తెల్లబారిన కాయను పక్కకు తీయడం. సరుకు ధరను తేల్చేదీ చాలావరకు ఆ రంగే. మీ ఫోటోలో కుప్పలోని కాయలూ, ఆమె వేళ్ల మధ్య ఉన్న కాయా ఒకే లేత బూడిద రంగులో ఉన్నాయి. ఆమె ఏం చేస్తోందో ఫోటో చెప్పలేకపోయింది, కింది వ్యాఖ్య చెప్పవలసి వచ్చింది.

ఇలా ఎందుకవుతుందో డార్క్‌రూమ్‌లో పనిచేసినవారికి తెలుసు. నలుపు తెలుపు ఫిల్మ్ వాడే రోజుల్లో లెన్స్‌కు ఎర్ర ఫిల్టర్ తగిలిస్తే నీలాకాశం నల్లబడి మబ్బులు తేలేవి, ఎర్రనివన్నీ తెల్లబడేవి. అదే ఆకుపచ్చ ఫిల్టర్ పెడితే పండుమిరప నల్లగా, ఆకు లేతగా పడేది. ఇప్పుడు కంప్యూటర్‌లో రంగుల ఫోటోను మార్చేటప్పుడు కూడా ఎరుపును ఎంత తేల్చాలి, పచ్చను ఎంత ముదర్చాలి అన్నది మార్చేవారి చేతిలోనే ఉంటుంది. (పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌కైతే ఎరుపే ఆనేది కాదు, దానితో తీసిన ఫోటోల్లో కుంకుమబొట్టు కాటుక చుక్కలా నల్లగా కనిపించేది అందుకే.)

నలుపు తెలుపు అంటే నాకు అయిష్టం లేదు. చాలాకాలం నాకు అన్నం పెట్టింది అదే. ముసలివారి ముఖం మీద కిటికీ వెలుతురు పక్కనుంచి పడినప్పుడు, వెనకనున్న నీలం ప్లాస్టిక్ బకెట్టు చూపును లాగేస్తుంటే, రంగు తీసేయడమే మేలు. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్‌కు గాజు పలకల మీద ఈ ఎంపికే లేదు, మనకుంది. కష్టం చూపాలంటే రంగు తీసేయాలన్న అలవాటుతోనే నా పేచీ. 1984లో భోపాల్ విషవాయువుకు బలైన పసిబిడ్డను పూడ్చిపెట్టే దృశ్యాన్ని రఘు రాయ్, పాబ్లో బార్తొలొమ్యూ ఇద్దరూ తీశారు. రాయ్ ఫోటో నలుపు తెలుపులో ప్రసిద్ధమైంది. బార్తొలొమ్యూది రంగుల ఫోటో, ఆ సంవత్సరపు వరల్డ్ ప్రెస్ ఫోటో పురస్కారం దానికే దక్కింది. రంగు ఉన్నందుకు అందులోని దుఃఖం రవ్వంతైనా పలచబడలేదు.

కాబట్టి రంగుల్లో తీసిన ఫోటోను మార్చి వేసేటప్పుడు ఆ సంగతి కింద రాయాలనీ, మార్చే ముందు తీసినవారిని ఒక మాట అడగాలనీ నా మనవి. వీలైతే వచ్చే వారం ఆ తాలు ఏరే ఫోటో ఒక్కదాన్నయినా రంగుల్లో ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫోటోగ్రాఫర్, గుంటూరు