మంత్రి గారూ, మా ల్యాబ్‌కి ఆ కరెంటు లైన్ వేయించండి

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మందుమొక్కలను సీసాల్లో పెంచే మా ఉదయగిరి ల్యాబ్ మీకు గుర్తుండే ఉంటుంది. ప్రారంభోత్సవానికి మీరే వచ్చారు. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, సీసాలో మొలిచిన మారేడు (చెట్టు కాదు, గడ్డల కోసం అడవిలో తవ్వే తీగ) పిలకను చాలాసేపు చూశారు. వెళ్తూ వెళ్తూ ల్యాబ్‌కి విడిగా లైన్ వేయిస్తానన్నారు. రెండేళ్లయింది. గ్రీవెన్స్‌లో 5 సార్లు అర్జీ పెట్టాం. ప్రతిసారీ ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని ఫోన్‌కి మెసేజ్ వస్తోంది. లైన్ రాలేదు సార్.

మే నెలలో ఒక రాత్రి గాలివానకు 11 గంటలకు పోయిన కరెంటు తెల్లారి 6కి వచ్చింది. ఇన్వర్టర్ రెండు గంటలే లాగింది. షేకర్ (ఫ్లాస్కులను ఊపే యంత్రం) మీద 40 ఫ్లాస్కుల్లో అశ్వగంధ వేళ్లు పెరుగుతున్నాయి. షేకర్ ఊగుతుంటేనే ఆ ద్రవంలో గాలి కలుస్తుంది, ఆగితే వేళ్లకు ఊపిరాడదు. నేనూ మా తోడికోడలూ చెరో ఫ్లాస్కు చేత్తో తిప్పుతూ కూర్చున్నాం. నలభైటిని ఇద్దరం ఎంతసేపని తిప్పగలం? తెల్లారేసరికి తెల్లటి వేళ్లు డికాషన్ రంగుకొచ్చేశాయి. ఐదు వారాల పని. మా తోడికోడలు ఆ ఫ్లాస్కులు కడుగుతూ ఏడ్చింది.

అంతటితో పోలేదు. 25 డిగ్రీల దగ్గర ఉండాల్సిన గది ఆ రాత్రి 35 చూపించింది. గది వేడెక్కి మళ్లీ చల్లబడితే సీసాలు బయటి గాలి పీలుస్తాయి. వారం తిరక్కుండానే మారేడు సీసాల్లో అగర్ (మొక్కకు తిండి పెట్టే జెల్లీ) మీద దూదిపింజల్లా బూజు. అన్నీ ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే యంత్రం) పెట్టి పారబోయాల్సి వచ్చింది. 121 డిగ్రీల్లో 20 నిమిషాలు ఆగకుండా ఉండాలి, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. ఆ రోజు మూడుసార్లు పెట్టాం.

వెలిగొండల్లో గడ్డ తవ్వితే మారేడు తీగే పోతుంది. రోజంతా తిరిగినా దొరకడం లేదని తవ్వేవాళ్లే చెబుతున్నారు. సీసాలో ఒక్క కణుపు నుంచి పదుల మొక్కలు తీయొచ్చు. అశ్వగంధలో మందుకు పనికొచ్చే వితనోలైడ్లు ఫ్లాస్కులో పెరిగిన వేళ్లలోనూ ఉంటాయి. జపాన్ వాళ్లు 1983లోనే షికోనిన్ అనే ఎర్ర రంగు పదార్థాన్ని ల్యాబ్‌లో పెంచిన మొక్క కణాల నుంచి తీసి అమ్మారు. మాకు పని చేతకాక కాదు సార్, కరెంటు లేక.

దయచేసి లైన్ వేయించండి. ఆలస్యమవుతుందంటే జనరేటర్‌కి ఇస్తామన్న రెండో విడత డబ్బైనా ఇప్పించండి. అదీ కుదరదంటే ఆ మాటే కాగితం మీద రాసివ్వండి, తిరగడం మానేస్తాం. పోయిన సోమవారం మళ్లీ 12 ఫ్లాస్కులు పెట్టాం. వంతులవారీగా రాత్రిళ్లు ల్యాబ్‌లోనే పడుకుంటున్నాం.

ఇట్లు,
మా మహిళా సంఘం తరఫున ఒక సభ్యురాలు,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా